చిన్నాయన కాలర్ కొలత

ఆ రోజుల్లో నాకు మనుషుల మాట కంటే టేపు మాట మీద నమ్మకం ఎక్కువ. పదో తరగతి తప్పి, వరంగల్ చౌరస్తా దగ్గర మా చిన్నాయన టైలర్ దుకాణంలో చేరినవాణ్ణి. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను (అందుకే తప్పులు కూడా సొంతవే). చిన్నాయన మెడ పక్కన లేచిన గడ్డ క్యాన్సరని దవాఖానలో తేలాక, ఆయన ఇంట్లో ఎవరినీ దాన్ని ముట్టుకోనివ్వలేదు. కాలర్ కొలత మాత్రం తీసుకోనిచ్చేవాడు. అది రోగం కాదు, మా పని.

మొదటి మందుకు కాలర్ వారం వారం తగ్గింది. నేను సుద్దముక్కతో గోడ మీద గీత గీసి, "బతుకమ్మ పండుగకల్లా గడ్డ సున్నా!" అని ప్రకటించాను. పండుగ రాకముందే కొలత మళ్ళీ పెరిగింది. టేపు సాగిందనుకుని కొత్తది కొన్నాను. అదీ అదే చెప్పింది. "గడ్డ ఈ మందుకు లొంగుతలేదు, వేరేది ఇద్దాం" అన్నాడు డాక్టరు. (చాలా ఏళ్ళకు చదివి తెలుసుకున్నాను: పెరగమనే కబురును కణం లోపల కొన్ని ప్రోటీన్లు మోస్తాయట. మందు పడుతున్నా కొన్ని కణాలు ఆ కబురు మరో దారిన తెప్పించుకుని బతికిపోతాయట. నా సుద్దగీతకు దారి ఒక్కటే తెలుసు.)

కొత్త మందుకు ముందు చిన్నాయన షరతు పెట్టాడు. "జర విను బిడ్డా. గీసారి గూడ కాలర్ పెరిగితే నేను దవాఖానకు రాను. ఎవ్వరూ నన్ను సతాయించొద్దు."

కొత్త మందు మొదలై కొన్ని వారాలయ్యాక, ఆయన మెడకు టేపు చుట్టాను. అర ఇంచు పెరిగింది. అంకె మీద బొటనవేలు పెట్టాను గానీ, టైలర్ దగ్గర అంకె దాగుతుందా? అద్దంలో చూసేశాడు.

"అయిపాయె" అంటూ లేచాడు. గుమ్మంలో చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడే ఆయన ప్యాంటు గుండీ తెగి నా కాళ్ళ దగ్గర పడింది.

"ఎవడు కుట్టిండ్రా గీ గుండీ?"

"నువ్వే, చిన్నాయనా."

ఏం తోచిందో, వంగి నడుం కొలిచాను. రెండు ఇంచులు ఎక్కువ!

"ఏందిరా, గడ్డ నడుముకు దిగిందా?"

"గడ్డ గాదు, నేను పోసే నెయ్యి!" చిన్నమ్మ కొంగు దించి అరిచింది. "నెల సంది కడుపు నిండ తింటాండు. మెడకు జరంత పట్టదా?"

మర్నాడు దవాఖానలో డాక్టరు మెడంతా వెతికి వెతికి, "గడ్డ చేతికి దొరుకుతలేదు" అన్నాడు. చిన్నాయన మందు పూర్తిగా తీసుకున్నాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు నా కుట్లకు వంకలు పెడుతూనే ఉన్నాడు.

ఆ టేపు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మొన్న ప్యాంటు బిగుసుకుంటే బయటికి తీశాను. మెడ కొలుచుకున్నాను, బాగానే ఉంది. నడుం జోలికి మాత్రం పోలేదు. చిన్నాయన ఉంటే అద్దంలో చూసేసేవాడు.