నా నడుమూ, ఆయన బస్తాలూ

కారు కొనడానికి వెళ్లిన రోజు మా ఆయన మొదట తెరిచి చూసింది డిక్కీ. ఇంజను కాదు, సీట్లు కాదు, కనీసం స్టీరింగు కూడా కాదు. డిక్కీలోకి సగం దూరి, చివరి వరస సీటు మడిచి, రెండు చేతులూ బారచాపి, "సోటు బాగానే ఉందే!" అని సంబరపడ్డారు. నాకు అప్పుడే అర్థం కావాల్సింది. బరంపురంలో తాతల నాటినుంచీ బియ్యం, పప్పుల హోల్‌సేల్ వ్యాపారం చేస్తున్న ఇంటి కోడల్ని. అయినా అర్థం కాలేదు. నా నడుం కోసం కారు కొంటున్నారు కదా అని పక్కన నిలబడి మురిసిపోయాను.

నా నడుం సంగతి చెప్పాలి. హుమ్మ అనే ఊరు దాటాక హైవే పక్కన ఒక బడిలో నేను లెక్కల టీచర్ని. బరంపురం లంజిపల్లిలో ఉన్న మా ఇంటినుంచి ఏళ్ల తరబడి బస్సులో తిరిగాను. సీటు దొరికితే ఆఖరి వరసలో దొరికేది, గొయ్యి వచ్చినప్పుడల్లా పైకి లేచి పడేదాన్ని. ఒకరోజు బోర్డు దగ్గర కిందపడ్డ సుద్దముక్క తీద్దామని వంగాను, మళ్లీ లేవలేకపోయాను. డిస్కు జరిగిందన్నారు. మంచం మీదనుంచి లేచాక డాక్టరు ఒకటే మాట చెప్పాడు: "కుదుపు తగలకూడదు. మెత్తగా వెళ్లే బండి ఉంటే ఉద్యోగం చేసుకోండి. లేదంటే మానేయండి. మళ్లీ జరిగితే ఆపరేషనే."

మానేయమనడం ఆ డాక్టరు నోటికి ఎంత తేలికో! మా ఇంట్లో దుకాణం మా ఆయనది, వంటిల్లు మా అత్తగారిది. ఈ లోకంలో నాది అని చెప్పుకోడానికి ఉన్నది ఆ తరగతి గది ఒక్కటే. భిన్నాలంటే బెదిరిపోయే పిల్లలు నెల తిరిగేసరికి నాకంటే ముందు జవాబు చెప్పేస్తుంటే కలిగే గర్వం నాకు ఇంకెక్కడా దొరకదు. బదిలీకి దరఖాస్తు పెట్టాను, ఉలుకూ పలుకూ లేదు.

"నానున్నాను కదా, ఎందుకలా బెంగెట్టుకుంటావు? పెద్ద బండి కొందాం. మన దుకాణం డ్రైవరే తీసుకెల్లి తీసుకొస్తాడు" అన్నారు మా ఆయన. కొత్తది కొనే ఆలోచన మా ఇంట్లో ఎవరికీ రాదు. ఒక కాంట్రాక్టరు వాడి వదిలేసిన ఎస్‌యూవీ దొరికింది. బయటనుంచి చూస్తే దర్జాగా ఉంది. నడుం వాల్చుకోవచ్చని వెనక సీటు నాకు ఇచ్చారు. డ్రైవరు పక్క సీటులో దుకాణం సరుకుల అట్టపెట్టెలు కూర్చున్నాయి.

మొదటిరోజు దారిలోని ఛత్రపురం చేరేసరికే నాకు ఏడుపొచ్చింది. చిన్న స్పీడ్ బ్రేకర్ దాటినా బండి ఒకసారి లేచి ఊరుకోదు, దాటిపోయాక కూడా ఊగుతూనే ఉంటుంది. మెకానిక్ దగ్గరికి వెళ్లాం. ఒడియా మనిషి, తెలుగు మనలాగే మాట్లాడతాడు. షాకర్లు పోయాయన్నాడు, మార్చాడు. బుష్‌లు అరిగాయన్నాడు, అవీ మార్చాడు. టైర్లలో గాలి ఎక్కువుందని తగ్గించాడు. ప్రతి పనికీ చివర చేతులు తుడుచుకుంటూ "హెయిగలా!" అనేవాడు. అయిపోయింది, ఇంక నీ కష్టాలు తీరాయి అన్నట్టు. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఊగడం తగ్గింది. కానీ ఖాళీ బండి కావడంతో వెనకభాగం గతుకుల్లో ఎగిరేది.

ఈ మాట ఇంట్లో అనడం నేను చేసిన తెలివితక్కువ పని. మా ఆయన కళ్లు మెరిశాయి. "ఏటంటే, బండి ఖాళీగా ఉంటే ఎగరదా మరి? బరువుంటే అదే నేలనంటుకుని ఎల్తాది. ఓ బస్తా ఎయ్యి" అని డ్రైవరుకి చెప్పారు. మా ఇంట్లో బండి ఖాళీగా కదిలితే తప్పు చేసినట్టే లెక్క. పెళ్లికి బయల్దేరినా దారిలో ఎవరికో ఇవ్వాల్సిన పప్పు బస్తా మా కాళ్ల దగ్గర ఉంటుంది. కాబట్టి ఆ సలహా వైద్యం కోసం వచ్చిందా, అలవాటు కొద్దీ వచ్చిందా నాకు తెలీదు. ఒళ్లు మండేదేమిటంటే, అది పనిచేసింది. ఒక బియ్యం బస్తా, దాని పక్కన ఇంకొకటి వెయ్యగానే బండి బుద్ధిగా నడిచింది. కొన్నాళ్లు నేను హాయిగా బడికి వెళ్లొచ్చాను. మా ఆయన కనిపించిన వాళ్లందరికీ తన వైద్యం గురించి చెప్పుకున్నారు.

మరి రోజూ హుమ్మ దాకా వెళ్లే బియ్యం బస్తా, రోజూ ఊరికే తిరిగి రావడం హోల్‌సేల్ వ్యాపారి చూస్తూ ఊరుకోగలడా? హుమ్మలో ఒక కిరాణా షాపతనికి ఆ బస్తాలు అమ్మేశారు. వాటి బదులు వచ్చేటప్పుడు అక్కడి ఉప్పు బస్తాలు వేసుకురమ్మన్నారు. బరువు బరువే కదా, నడుముకి బియ్యమైతేనేం, ఉప్పైతేనేం అని ఆయన వాదన. తర్వాత ఇంకా ముందున్న రంభ ఊళ్లో ఇంకొకాయన అడిగాడట. బస్తాలు పెరిగాయి. నేను బడికి వెళ్తున్నానో, సరుకుతోపాటు నన్నూ దింపుతున్నారో తెలియని స్థితికి వచ్చాను. టీచర్ని దీదీ అని పిలిచే మా బడి పిల్లలు గేటు దగ్గర నిలబడి "దీదీ, ఇవాళ ఏం తెచ్చారు?" అని అడిగేవారు.

బరువెక్కి వెనకభాగం కుంగిపోయింది. గొయ్యి వస్తే అడుగున ధన్‌మని కొట్టుకునేది. కొన్నాళ్లకి ఆ శబ్దం ఆగిపోయింది. పోనీలే అనుకున్నాను. కానీ దాని బదులు ఇంకేదో మొదలైంది. బండి ఊగదు, కుంగదు, అసలు ఒంగదు. రోడ్డుమీద చిన్న రాయి ఉన్నా అది నేరుగా నా వెన్నులోకి వచ్చి దిగేది. డ్రైవర్ని అడిగితే రోడ్డు పాడైందన్నాడు. మెకానిక్‌ని అడిగితే సీటు మీద వేసుకోడానికి స్పాంజి దిండు అంటగట్టి "హెయిగలా" అన్నాడు. మా ఆయన్ని అడిగితే, "అంత పెద్ద బండి, ఆ మాత్రం గట్టిగా ఉండదేటి? నువ్వు మరీ సున్నితం అయిపోయావు" అన్నారు. మూడు నెలలు ఇదే పాట. గోడకి చెప్పుకున్నా ఈపాటికి పెచ్చు రాలేది.

బడిలో నిలబడి పాఠం చెప్పలేకపోయాను. కుర్చీలో కూర్చుని పిల్లలచేత బోర్డు మీద రాయించేదాన్ని. ఎడమకాలు తిమ్మిరెక్కేది. డాక్టరు చూసి, ఇలాగే ఉంటే వచ్చే నెలనుంచి ప్రయాణం బంద్ అన్నాడు. అంటే ఉద్యోగం బంద్. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు.

తర్వాత రెండు రోజులకి ఛత్రపురం దాటాక టైరు పంచరైంది. డ్రైవరు బస్తాలు దింపి, జాకీ ఎత్తి, వెనక చక్రం ఊడదీశాడు. నేను చెట్టు నీడ కూడా లేని ఆ రోడ్డు పక్కన నిలబడి చూస్తున్నాను. లోపల స్ప్రింగు చుట్ల మధ్య ఎర్రటి రబ్బరు దిమ్మ ఒకటి ఇరికించి ఉంది.

"ఏటిది?" అన్నాను.

డ్రైవరు తల గోక్కున్నాడు. "స్ప్రింగుకి బలం అండి. రెండుపక్కలా ఏయించేరు. బరువుకి బండి కుంగిపోతందని."

"ఎవరేయించేరు?"

"బాబే సెప్పేరండి. టైర్లలో గాలి కూడా ఎక్కువే కొట్టించమన్నారు. టీచరమ్మకి సెప్పొద్దన్నారు, బెంగెట్టుకుంటారని."

నా వెన్నులోకి దిగిన రాళ్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నా కోసం మెత్తబరచిన బండిని బస్తాల కోసం మళ్లీ బిగించేశారు. పైగా నేను సున్నితమట!

ఆ సాయంత్రం నేను అరవలేదు. అరిస్తే ఆయనకి అలవాటే, పేపరు అడ్డం పెట్టుకుంటారు. మర్నాడు పొద్దున్న బండి బయల్దేరుతుంటే ముందు సీట్లో అట్టపెట్టెలు దింపించి నేను కూర్చున్నాను. "మీరు ఎనకాల కూకోండి. బడిదాకా రండి" అన్నాను.

"దుకాణం ఎవరు తెరుస్తారు?"

"మీ తమ్ముడు తెరుస్తాడు. బస్తాలు అలాగే ఉండనీండి, గాలీ అలాగే ఉండనీండి. నాను రోజూ ఎలా ఎల్తానో అలాగే ఎల్దాం."

నా మొహం చూసి వెనక తలుపు తీసుకుని ఎక్కారు. ఈ కారు కొన్నాక ఆయన వెనక సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. ఊరు దాటేదాకా ఫోన్లో కందిపప్పు ధర గురించి హడావిడిగా మాట్లాడుతూనే ఉన్నారు. ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర ఫోను చేతిలోంచి ఎగిరి కింద పడింది. వంగి వెతుక్కుంటుంటే ఇంకొకటి వచ్చింది. "ఒరే, సూసుకుని నడపరా!" అని డ్రైవరు మీద కేకలేశారు. తర్వాత మాట్లాడటం మానేసి తలుపు మీదున్న పిడి పట్టుకున్నారు. రుషికుల్య నది వంతెన మీద అతుకు అతుకుకీ ఆయన నోట్లోంచి చిన్న మూలుగు వినిపించింది. నేను వెనక్కి తిరగలేదు.

వంతెన దిగాక "ఆపు" అన్నారు. దిగి, నడుం మీద చెయ్యేసుకుని, రోడ్డు పక్కన కాసేపు నిలబడ్డారు. నా కిటికీ దగ్గరికి వచ్చి, "ఇన్నాళ్లూ ఇలాగే ఎల్లొచ్చావా నువ్వు?" అన్నారు.

"ఇలాగే. రెండుపూటలా."

ఆయన డ్రైవరు వైపు తిరిగారు. "ఈ బస్తాలు హుమ్మలో దింపీ. మళ్లీ ఎక్కించకు. ఆ రబ్బర్లు ఇయ్యాలే పీకించీ. గాలి సరిగ్గా ఎట్టించు."

గెలిచినందుకు నాకు సంతోషం కలగాలి. కలగలేదు. కోపం పొంగుకొచ్చింది. మూడు నెలలు నేను నోటితో చెబితే, తిమ్మిరెక్కిన కాలు చూపించి చెబితే, డాక్టరు మాట తెచ్చి చెబితే ఆయనకి ఎక్కలేదు. తన నడుం అరగంట చెప్పేసరికి ఎక్కింది. ఉద్యోగం నిలబడింది, సరే. కానీ ఈ మనిషికి నా నొప్పి నమ్మాలంటే ముందు తనకి రావాలన్నమాట. ఏడుపు ఆపుకోలేక మొహం అటు తిప్పుకున్నాను.

ఆయన ముందు తలుపు తెరిచి, "నువ్వు కాస్త ఎనక సీట్లోకి ఎల్తావా? నా నడుం..." అంటూ ఆగిపోయారు.

నేను కదల్లేదు. ఆయన ఒక్క క్షణం నన్ను చూశారు. తలుపు నెమ్మదిగా మూసేసి, వెళ్లి వెనక సీట్లోనే కూర్చున్నారు.