గరాటు అలిగిన మూడు రోజులు

ఆ మిల్లులో ఆవిడ అందరికీ డబ్బా వదినే. చమురు కోసం భూమిలోకి లోతుగా బోర్లు వేసేచోట బురదలో కలిపే ముగ్గురాయి పొడి అక్కడ తయారవుతుంది. డ్రయ్యర్‌లో ఆరిన పొడిని చిన్న డబ్బాలోకి తీసి, ఆవరణ అవతలి కొసనున్న పరీక్ష గదికి చేర్చడం ఆవిడ పని. పదిహేనేళ్ళలో చిటికెడు పొడి ఒలకబోయలేదు. దారిలో ఎదురైనవాళ్ళ కష్టసుఖాలు మాత్రం అన్నీ ఒలకబోయించుకునేది.

డ్రయ్యర్ చూసుకునేది ఆవిడ సొంత మరిది. తన పొడంటే అతనికి మహా గర్వం.

"చూడొదినా, ఎలా జారుతోందో! నువ్వు పోసే మజ్జిగ కన్నా పల్చన."

"అయితే రేపట్నుంచి అన్నంలో అదే పోసుకో, మజ్జిగ మిగుల్తుంది నాకు."

పరీక్ష పెద్దదేం కాదు. గరాటులో పోస్తే పొడి ఆగకుండా జారాలి. తేమ తగిలితే ఉండకట్టి గరాటు మెడలో కూర్చుంటుంది. రేపు బోరు దగ్గర గొట్టాల్లోనూ అలాగే కూర్చుంటుంది.

పరీక్షల సారు ఒంటరి మనిషి. ఆ ఆదివారం దవడపన్ను పీకించుకున్నాడు. నమలలేడు పాపం అని సోమవారం నుంచి వదిన వేడివేడి గంజి కాచి, డబ్బాతోపాటే తన సంచిలో తెచ్చిపెడుతోంది. సారుకొక నియమం ఉంది. పొడి చూడందే ముద్ద ముట్టడు. పదకొండింటికి వచ్చిన సంచి పన్నెండు దాకా బల్ల మీదే ఉంటుంది. గంజి చల్లారకుండా వదిన ఆ సంచికే దుప్పటి ముక్క చుట్టి గట్టిగా ముడేసేది.

సోమవారం గరాటు మూసుకుపోయింది. మంగళవారమూ అంతే. మరిది మంట పెంచాడు. బుధవారం కనుబొమలు కాలేదాకా పెంచాడు. గరాటు అలక తీరలేదు.

"పొడి పంపమంటే పిండి తడిపి పంపుతున్నావేంట్రా?" అని బస్తాలవాళ్ళు ఆటపట్టించారు.

సారు వాచిన బుగ్గ పట్టుకుని వదినతో తేల్చి చెప్పాడు. "రేపు కూడా ఇంతే అయితే డ్రయ్యర్ ఇంకొకరికి. మీ మరిది బస్తాలు మొయ్యాల్సిందే."

వదిన ఖాళీ గిన్నె, డబ్బా సంచిలో సర్దబోయింది. సొట్టబోయిన డబ్బా మూత వెనక్కి తిప్పితే లోపల నీటి చుక్కలు. దుప్పటి ముక్క చెమర్చి ఉంది.

"దేవుడా, ఇది నా నిర్వాకమా!" అని నోరు నొక్కుకుంది.

గురువారం డబ్బా ఒక చేత్తో, గంజి ఇంకో చేత్తో, మాటల్లేని తోడికోడళ్ళను ఊరేగించినట్టు దూరదూరంగా పట్టుకుని వచ్చింది. సారు గరాటులో పొడి పోశాడు. క్షణాలు లెక్కపెట్టడానికి నోరు తెరిచేలోపే జారిపోయింది.

"మొత్తానికి మీ మరిది దారికొచ్చాడు!"

ఊరుకుంటే అక్కడితో సరిపోయేది. కానీ చెయ్యని తప్పు మరిది నెత్తిన ఉండిపోతుంది. అది ఆవిడకు రుచించలేదు.

"వాడు దారి తప్పిందెప్పుడు సార్? సంచిలో మీ గంజి ఆవిరంతా మూడ్రోజులూ వాడి పొడే తాగింది. పక్కపక్కన పెట్టి తెచ్చింది నేను. తిట్టేదేదో నన్ను తిట్టండి."

సారు గంజి గిన్నె వైపు చూశాడు, గరాటు వైపు చూశాడు. తిట్టడానికి ఆవిడ గంజి తాగిన నోరు రాలేదు. లేచి నేరుగా డ్రయ్యర్ దగ్గరికి నడిచాడు. వెనకే వదిన.

బుగ్గ వాచిన మనిషీ, కనుబొమల్లేని మనిషీ ఎదురెదురుగా నిలబడ్డారు.

"డ్రయ్యర్ నీదేనయ్యా," అన్నాడు సారు. "కనుబొమలే... నేను తెచ్చివ్వలేను."

సంగతంతా విన్నాక మరిది వదిన వైపు ఓరగా చూశాడు.

"దాందేముంది సార్, మళ్ళీ మొలుస్తాయి. మూడ్రోజులు తాగింది కదా, గంజిలో ఉప్పు కాస్త తక్కువైందంటోంది మా పొడి. నిజమేనా?"