సారు రాసుకోనివ్వని మాటలు

మోత్కూర్‌లో నాకు కంప్యూటర్ నేర్పిన సారు పోయారని మా బాపు ఫోన్ చేసి చెప్పాడు. ఏడుపు వచ్చింది. దానికంటే ముందు కోపం వచ్చింది. రెండూ దాచుకోకుండా రాస్తున్నాను.

మగ్గం మీద బతికే మా బాపును ఒప్పించి నన్ను తన కంప్యూటర్ సెంటర్‌లో కూర్చోబెట్టుకున్నది ఆయనే. స్విచ్ వేయగానే నల్లటి తెర మీద జరజరా పాకే లైన్లను చదవడం నేర్పారు. ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికంటే ముందు లేచే కెర్నల్, మెమరీ దొరికింది, డిస్క్ దొరికింది, ఇది దొరకలేదు అని వరసగా చెప్పుకునే మాటలవి. మెమరీలో వాటికున్న జాగా చిన్నది. నిండితే పాతవాటి మీద కొత్తవి పడతాయి, కరెంట్ పోతే అన్నీ పోతాయి. డిస్క్ మీద రాయించుకుంటేనే రేపటికి ఉంటాయి. అందుకే టీ చల్లారిపోతున్నా సరే, ఆయన ముందుగా ఆ మాటలను డిస్క్ మీద రాయించి పెట్టేవారు. "ముందుగాల రాసిపెట్టు బిడ్డా, ఆయెనక బంద్ చెయ్" అనేవారు.

ఆయన మాట మీదే ఒక కాలేజీ ల్యాబ్‌లో నాకు ఉద్యోగం దొరికింది. ఒక పొద్దున, పిల్లల ప్రాజెక్టులన్నీ ఉన్న పెద్ద మిషన్ స్విచ్ వేశాక సగంలో ఆగిపోయింది. సారును పిలిపించాను. తెర నిండా డిస్క్ చదవలేకపోతున్నానన్న లైన్లే. కొత్తదని చెప్పి ఆయన బిగించిన డిస్క్ అది. లైన్లలో కనబడిన మోడల్ మాత్రం మా సెంటర్‌లో ఏళ్లుగా వాడిన పాతది. చెడిన డిస్క్ మీద రాయించలేం కదా, ఫోటో తీద్దామని ఫోన్ అందుకున్నాను. సారు వంగి ప్లగ్ పీకేశారు. ఆ డిస్క్ విప్పి తన సంచిలో వేసుకున్నారు.

ప్రిన్సిపాల్ వచ్చి అడిగితే, నిన్న ఈ పిల్ల సరిగా బంద్ చేయకుండానే కరెంట్ తీసేసిందని చెప్పారు. నా వైపు చూడలేదు. వారం తిరగకుండా ఉద్యోగం పోయింది. ఎంత మొత్తుకున్నా, చూపించడానికి నా దగ్గర ఒక్క లైనూ లేదు. నమ్మించి గొంతు కోశారు.

సారు జబ్బు పడ్డారని తెలిసి, ఆయన పోవడానికి కొద్ది రోజుల ముందు దవాఖానకు వెళ్లాను. నన్ను చూడగానే "నీ తప్పేం లేదని నాకెరుకే బిడ్డా" అన్నారు. ఆ మాట ప్రిన్సిపాల్‌కు చెప్పమన్నాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఆయన నేర్పిన చదువుతోనే ఇవాళ నల్లగొండలో బతుకుతున్నాను. అది కాదనను.

దశదినకర్మ నాడు ప్రిన్సిపాల్ నా పక్కన నిలబడి, "నువ్వు గంత పని చేసినా సారు నిన్ను మళ్లొక్క మాట అనలేదమ్మా, పెద్ద మనసు" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. సారు ఫోటో ముందు పెట్టడానికి తెచ్చిన బంతిపూలు చేతిలోనే పట్టుకుని వచ్చి బస్సెక్కాను. నల్లగొండలో దిగేదాకా అవి నా ఒళ్లోనే ఉన్నాయి.