గుండుసూది మాస్టారి మెప్పు

విద్యార్థులు ఆయన్ని గుండుసూది మాస్టారు అనేవాళ్లు. యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్ చెప్పేవారు. పిల్లల ప్రాజెక్టుల మీద ఆయన రాసే మాటలు పొట్టిగా ఉండేవి, చురుక్కుమనేవి. “ఈ దూలం కింద నువ్వు నిలబడతావా?” అని రాస్తే ఆ కుర్రాడు జన్మలో మళ్లీ దూలం లెక్క తప్పేవాడు కాదు. మెచ్చుకోవడం మాత్రం ఆయన జాతకంలో లేదు. “ఒక్క మంచి మాట రాస్తే మీ సొమ్మేం పోయింది?” అని తోటివాళ్లు వేళాకోళం ఆడితే, “గోడ నిలబడితే అదే మెప్పు” అనేవారు.

ఒకరోజు పాఠం చెబుతూ చెబుతూ బోర్డు ముందే కూలబడ్డారు. పక్షవాతం. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి కుడిచెయ్యి పడిపోయింది, కుడికాలు ఈడ్చుకోవాల్సి వచ్చింది, మాట దారి తప్పింది. తెలివికి లోటు లేదు. ఎదుటివాళ్లు అన్నదంతా అర్థమయ్యేది. తను అనాలనుకున్న మాటే నాలుక చివరిదాకా వచ్చి వేషం మార్చేది. మంచినీళ్లు అడగబోతే ‘తాళం’ అని వచ్చేది. అన్నిటికన్నా పాడు సంగతి, అవుననబోతే కాదని వచ్చేది. భార్య ఆయన కళ్లు చూసి పోల్చుకునేది. పైవాళ్లకి ఆ విద్య ఎక్కడిది?

విభాగాధిపతి ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నవాడే. గురువుగారి ఉద్యోగం పోకూడదని ఒక దారి వెతికాడు.

“సార్, మీరు క్లాసులు చెప్పక్కర్లేదు. ప్రాజెక్టులు చూడండి చాలు. తప్పున్నచోట నాలుగు ముక్కలు టైపు చెయ్యండి. మిగతాది ఏఐ రాస్తుంది. మీరు చదివి సరే అన్నాకే పిల్లలకి వెళ్తుంది.”

మాస్టారు మొదట మొహం తిప్పుకున్నారు. తరవాత ఇంట్లో ఊరికే కూర్చోలేక ఒప్పుకున్నారు. ఎడమచేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, తప్పు మాట వస్తే చెరిపేస్తూ, “గోడ. నీళ్లు. ఎటు?” అని కొట్టేవారు. క్షణంలో తెర నిండిపోయేది. తప్పు ఎక్కడుందో, ఎందుకు తప్పో, ఏం చదువుకోవాలో అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు ఉండేది. అంతా నిజమే. ఆయన అనుకున్నదే. వెనకబడిన పిల్లలకి కూడా ఆయన చెప్పేది తొలిసారి తలకెక్కింది. సార్ మారిపోయారు, మనిషి వెన్నపూస అని క్యాంటీన్లో చెప్పుకున్నారు. ఆ మాట విని మాస్టారికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

ఇంట్లో కూడా ఒకసారి ప్రయత్నించారు. భార్యకి ఏదో చెప్పాలనిపించి రెండు ముక్కలు కొట్టి, వచ్చినదాన్ని ఆమె ముందు పెట్టారు. ‘ప్రియమైన నీకు’ అని మొదలైంది. ఆమె చదివి నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది.

“పెళ్లయినప్పట్నుంచి నన్ను ‘ఇదిగో’ అనేగా పిలిచారు. ఈ ప్రియమైన ఎవరండీ? నాతో తాళం అనండి, తలుపు అనండి, నేను చూసుకుంటాను. ఇది మాత్రం వద్దు.”

సెలవులకి ముందురోజు ఆఖరి సంవత్సరం కుర్రాడొకడు ఆయన గదికి వచ్చాడు. కొండవాలు మట్టి జారకుండా ఆపే గోడ అతని ప్రాజెక్టు.

“సార్, గోడ వెనక నీళ్లు ఎటు పోతాయని అడిగారు కదా. తూములు ఎక్కడ పెట్టాలో తెలియట్లేదు.”

మాస్టారు కాగితం లాక్కుని ఎడమచేత్తో గోడ గీసి, అడుగున తూములు చూపించారు. కుర్రాడి మొహం విచ్చుకుంది. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

“కింద ఇంకో మాట రాశారు సార్. ‘నీ ఆలోచన నాకు చాలా నచ్చింది’ అని. మా అమ్మకి చదివి వినిపించాను. అది మీరు రాసిందేనా, ఏఐ రాసిందా?”

మాస్టారు తలెత్తి చూశారు. ఆ వాక్యం ఆయన కొట్టలేదు. మిషను దానంతటదే చేర్చింది. ఆ రోజు అలసిపోయి చివరిదాకా చదవకుండానే పంపేశారు. కానీ ఆలోచన నచ్చిన మాట నిజం. గోడని మెట్లు మెట్లుగా కట్టాలన్న ఊహ ఇన్నేళ్లలో ఏ విద్యార్థికీ రాలేదు. ఆ సంగతే చెప్పాలని నోరు తెరిచారు.

“కాదు,” అన్నారు. “ఇటుక... కాదు, కాదు!”

సరిదిద్దుకోవాలని తపించినకొద్దీ అదే మాట ఊడిపడుతోంది. బల్ల మీద అరచేత్తో కొట్టారు. కుర్రాడు అది కోపం అనుకున్నాడు.

“పర్లేదు సార్. ఊరికే అడిగాను.” తల దించుకుని వెళ్లిపోయాడు. లేచి వెంటపడేందుకు ఈయనకి కాలు సాగలేదు.

ఇల్లు చేరాక అన్నం ముట్టలేదు. జరిగింది ముక్కలు ముక్కలుగా లాగడానికి భార్యకి చాలాసేపు పట్టింది.

“రాసివ్వండి. కాకిగీతలైనా సరే, మీ చేత్తోనే.”

ఆమె కాగితం కదలకుండా పట్టుకుంది. మాట దొరకలేదు, దొరికాక అక్షరం దొరకలేదు. ఎన్నో కాగితాలు నలిగాక, ‘నచ్చింది’ అన్న ఒక్క మాట పక్కకి ఒరిగిపోతూ నిలబడింది.

మర్నాడు దాన్ని పట్టుకుని వెళ్లేసరికి హాస్టలు ఖాళీ. విభాగాధిపతి ఆ కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి కుర్రాడికి పంపాడు. సాయంత్రానికి జవాబు వచ్చింది. ‘గౌరవనీయులైన గురువుగారికి. మీ విలువైన ప్రోత్సాహానికి హృదయపూర్వక కృతజ్ఞతలు. మీ మార్గదర్శకత్వం నాకు ఎల్లప్పుడూ స్ఫూర్తి.’

“చూశారా సార్, ఎంత బాగా రాశాడో!” అన్నాడు విభాగాధిపతి.

మాస్టారు ఫోను దగ్గరికి తీసుకుని మళ్లీ చదివారు. ఆ కుర్రాడికి ఒత్తులు రావు. ఏ వాక్యం రాసినా రెండు తప్పులుండేవి. ఇందులో ఒక్కటైనా కనిపిస్తుందేమోనని, వేలు పెట్టి, అక్షరం అక్షరం వెతుకుతూ కూర్చున్నారు.