గోల్‌పోస్టు ముందు నా వాదన

మేము మస్కట్ దగ్గర అల్ హైల్‌లో ఉంటాం. నిరుడు మా అమ్మాయి శ్రీజ ఇక్కడి కాలేజీలో చేరగానే ఫుట్‌బాల్ సెలక్షన్‌కి వెళ్తుంటే నేనూ వెంట వెళ్లాను. కోచ్ షబానాగారిది హైదరాబాద్. ఆవిడ శ్రీజని గోల్‌కీపర్‌గా వెనక నిలబెట్టారు. ఎల్‌కేజీ నుంచీ కొట్లాడి మరీ ముందు బెంచీలో కూర్చోబెట్టించిన పిల్లని ఆఖరి బెంచీకి పంపినట్టనిపించింది నాకు. గోల్‌పోస్టు పక్కనున్న కోచ్ దగ్గరికి నడిచి నిలదీశాను.

"పరుగుపందెంలో ఎప్పుడూ ఫస్టొచ్చే పిల్లని కాపలా పెడతారా? ముందుకి పంపండి!"

"ఆట నడుస్తుంది మేడమ్, జర పక్కకు జరగండి."

"ముందు జవాబు చెప్పండి!" అంటుండగానే బంతి నా ముఖం మీదికి దూసుకొచ్చింది. రెండు చేతులా పట్టేసుకున్నాను. విజిల్ మోగింది. మైదానమంతా ఒకటే నవ్వులు.

"అమ్మా, గోల్‌కీపింగ్ నేనే అడిగి తీసుకున్నా! నీ వల్ల నన్ను తీసేస్తే?" శ్రీజ కళ్లలో నీళ్లు. నేను బంతిని కోచ్ వైపు చాచాను.

షబానాగారు బంతి తీసుకుంటూ, "ఎందుకు తీసేస్తా బేటా? నీకీ చేతులు ఎవరి నుంచి వచ్చినయో ఇప్పుడు తెలిసింది," అన్నారు.

శ్రీజ జట్టులో ఉంది. నా పొజిషన్ కూడా ఆవిడే ఖాయం చేశారు: గ్యాలరీలో ఆఖరి బెంచీ. ఆట మొత్తం కనిపించేది వెనకనుంచేనని అక్కడ కూర్చున్నాకే ఒప్పుకున్నాను.