తాతయ్య తవ్విన గుంట

మా తాతయ్యకు వెలుగంటే పడదు. ఉద్యోగమేమో వెలుగు మీద ప్రయోగాలు చేసే చోట. ఇదేం చోద్యమని ఎవరైనా అడిగితే, మిఠాయి కొట్టాయన ఇంటికెళ్లి మిఠాయి తింటాడా అని ఎదురు అడిగేవాడు.

ప్రయోగశాలలో ఎక్కడ బుల్లి దీపం వెలిగినా దాని మీద నల్లటేపు అంటించడం ఆయన పని. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. టీవీ కింద ఎర్రచుక్క, కాలింగ్‌బెల్ దీపం, ఫ్రిజ్ లోపలి బల్బు, అన్నీ టేపు కింద కన్నుమూశాయి. ఇస్త్రీపెట్టె దీపాన్నీ వదల్లేదు. అది వేడెక్కిందో లేదో తెలియక అమ్మమ్మ కాల్చిన చొక్కాలన్నీ తాతయ్యవే. పొరపాటున కాలాయని ఆయన నమ్మకం.

ఆ ఉద్యోగం గురించి అమ్మమ్మకు సందేహమేమీ లేదు. చీకటి గదిలో కూర్చుని కునుకు తీయడమే అది. సాయంత్రం బుగ్గ మీద బల్ల అంచు అచ్చుతో ఇంటికొచ్చే మనిషి గురించి ఇంకేమనుకుంటుంది?

ఒక ఆదివారం తాతయ్య ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, దిండు తెచ్చి పాఠం మొదలుపెట్టాడు. మామూలు లేజరు వెలుగును కొలిచి బొమ్మ గీస్తే నున్నటి కొండలా వస్తుంది. దాన్ని గాసియన్ స్థితి అంటారు. నొక్కితే సన్నబడుతుంది, లాగితే సాగుతుంది, తిప్పితే తిరుగుతుంది. ఏం చేసినా కొండ కొండే. ఇవన్నీ దిండు మీద చేసి చూపించాడు. కొండలతో ఎన్ని లెక్కలు చేసినా మామూలు కంప్యూటరు కూడా ఆ లెక్కలు చేసేస్తుంది. దానికి చేతకాని పని క్వాంటమ్ కంప్యూటరు చేయాలంటే కొండ నడుమ గుంట పడాలి. అదీ అలాంటి ఇలాంటి గుంట కాదు, సున్నా కంటే కిందికి దిగాలి. అది గాసియన్ కాని స్థితి, అసలు సరుకు.

"సున్నా కంటే కిందికా? నా మీద మీ చెల్లెలి ప్రేమలాగానా?" అంది అమ్మమ్మ.

చెల్లెల్ని పక్కన పెట్టమని బతిమాలి తాతయ్య పాఠం సాగించాడు. బాగా నొక్కిన వెలుగులోంచి ఒక్క కణాన్ని పక్కకు లాగాలి. లాగినట్టు గుర్తు, ఆ కణాన్ని పట్టుకునే పెట్టెలోంచి 'టిక్' మని చప్పుడు. టిక్కు పడ్డప్పుడల్లా మిగిలిన వెలుగును కొలిచి కొలతలు పోగేస్తే, గుంటతో సహా బొమ్మ వస్తుంది. ఇంకో వింత ఏమిటంటే, అలా ఒకటి తీసేశాక మిగిలినదాంట్లో వెలుగు తగ్గదు, సగటున పెరుగుతుంది.

ఇది మాత్రం అమ్మమ్మకు వెంటనే ఎక్కింది. "మీరు ఆఫీసుకెళ్లాక ఇల్లు కళకళలాడినట్టు."

ఇంతలో రిటైర్మెంటు దగ్గరపడింది. చివరి రోజున ఇంటావిడను తీసుకురమ్మని ప్రయోగశాల పెద్ద మేడమ్ చెప్పింది. అమ్మమ్మ వస్తానంది గానీ, ఒక పందెం కూడా వేసింది.

"గుంట కనిపిస్తే మీ టేపుల జోలికి రాను. కనిపించకపోతే అన్నీ పీకేస్తాను. ఇన్నేళ్లూ కునుకే తీశానని మీ నోటితో మీరు ఒప్పుకోవాలి."

టేపులు పోతే మళ్లీ అంటించుకోవచ్చు. ఆ రెండో మాటకే తాతయ్యకు ముద్ద దిగలేదు. ఉద్యోగమంతా కునుకేనని ఒప్పేసుకుంటే ఆయన చేసిందేమిటి మరి?

ఆ రోజు అమ్మమ్మ మంచి చీర కట్టుకుంది. పెళ్లయిన కొత్తలో తాతయ్య కొనిచ్చిన గడియారం చేతికి పెట్టుకుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎండంతా తనే తిన్నది. ప్రయోగశాలలో పెద్ద మేడమ్ ఆవిడకు కుర్చీ వేసి, దీపాలార్పింది. కంప్యూటరు తెర అడ్డుబట్ట అవతల ఉంది. టిక్కులు లెక్కపెట్టే పెట్టెను రోజూ నల్లగుడ్డతో కప్పి ఉంచుతారు. తాతయ్య ఆ గుడ్డ అంచు పైకెత్తి పట్టుకున్నాడు. మూసి ఉంచితే ఆవిడకు టిక్కులు సరిగ్గా వినబడవు. అప్పుడు ఏమంటుందో ఆయనకు తెలుసు.

అమ్మమ్మ ముందుకు వంగి చూసింది. టిక్కులు ఎడాపెడా మొదలయ్యాయి. తాతయ్య ఛాతీ పొంగింది. అంత ధాటిగా ఎప్పుడూ పడలేదు మరి. కాసేపటికి మేడమ్ అడ్డుబట్ట అవతలికెళ్లి చూసి, నెమ్మదిగా వచ్చి చెప్పింది. తెర మీద కొండే ఉంది, గుంట పూడిపోయింది. బయటి వెలుగేదో పెట్టెలో దూరి దొంగ టిక్కులు వేయిస్తోంది.

తాతయ్య గుడ్డ అంచును పెట్టె మీదికి మడిచిపెట్టాడు. నేల మీద పాకుతూ బల్లకింద ప్రతి దీపాన్నీ తడిమాడు. టేపులన్నీ పదిలంగానే ఉన్నాయి. చీకట్లో ఆయన పాట్లు వినలేక అమ్మమ్మ వెనక్కి వాలింది. టిక్కులు తగ్గాయి. ఏమైందో చూద్దామని వంగింది. మళ్లీ జోరందుకున్నాయి.

బల్లకింద నుంచి తాతయ్య తల బయటపెట్టాడు.

"నువ్వు దగ్గరికొస్తేనే ఇక్కడ వెలుగు పెరుగుతోందే."

పెళ్లినాటి నుంచీ అమ్మమ్మ ఎదురుచూసిన మాట అది. చీకట్లో ఆవిడ సిగ్గుపడిందో లేదో ఎవరికీ కనిపించలేదు గానీ, కొంగు సర్దుకున్న చప్పుడు వినిపించింది.

"పోండి, మేడమ్‌గారి ముందు ఏమిటా మాటలు," అంది.

కొంగు సర్దిన చెయ్యి మీద పచ్చటి వలయం ఒకటి మినుకుమంది. చీకట్లోనూ టైము కనిపించాలని తాతయ్యే ఏరికోరి కొన్న గడియారం. బస్సులో తాగిన ఎండనంతా ఇప్పుడు తీరిగ్గా కక్కుతోంది. ఊళ్లో దీపాలన్నిటికీ కళ్లు మూసిన మనిషి, తను కొనిచ్చిన దీపాన్నే మరిచిపోయాడు.

జేబులోంచి టేపు తీశాడు గానీ, అంటించడానికి చెయ్యి రాలేదు. చిన్నబుచ్చుకుంటుందేమోనని ఆయన భయం. అమ్మమ్మే టేపు లాక్కుని గడియారం మీద అంటించింది.

"గుంట పూడింది నా వల్ల అనిపించుకుంటానా? కానివ్వండి."

కూడిన కొలతలు తుడిచేసి మళ్లీ మొదలుపెట్టారు. టిక్కులు నింపాదిగా పడ్డాయి, తీరికున్న మనిషి వేళ్లు విరుచుకున్నట్టు. తాతయ్య గుడ్డ ఎత్తి పట్టుకునే నిలబడ్డాడు. చెయ్యి లాగినా దించలేదు. చివరికి మేడమ్ అడ్డుబట్ట తొలగించి అమ్మమ్మను తెర ముందుకు తీసుకెళ్లింది. కొండ నడుమ, నేలమట్టం కంటే కిందికి, చక్కటి గుంట.

అమ్మమ్మ కళ్లజోడు సవరించుకుని చూసింది.

"చిన్నదే," అంది. ఇంకా దగ్గరగా వంగి చూసి, "లోతుగానే తవ్వారు," అంది.

ఇంటికొచ్చాక టేపుల జోలికి ఆవిడ వెళ్లలేదు. ఇస్త్రీపెట్టె మీది ముక్క మాత్రం తాతయ్యే పీకేశాడు. ఆ తర్వాత ఒక్క చొక్కా కూడా కాలలేదు. ఇన్నాళ్లూ కాలినవన్నీ తన చొక్కాలే ఎందుకయ్యాయని అప్పుడు గానీ ఆయనకు అనుమానం రాలేదు. గడియారం మీది టేపును అమ్మమ్మ అలాగే ఉంచేసింది. టైమెంతయిందని ఎవరడిగినా, దాని అంచు కొంచెం ఎత్తి లోపలికి తొంగి చూసి చెబుతుంది. ఎత్తింది చాలు, వెలుగొస్తోంది, మూసెయ్యమని పక్కనుంచి తాతయ్య గొణుగుతాడు.