కల చెబితేనే కోడు

ఆదోనిలో ఎవరైనా తలుపుకు నంబర్ల తాళం పెట్టించుకోవాలంటే, ముందు సామ్సన్‌కు రాత్రి వచ్చిన కల చెప్పాలి. చెప్పకపోతే కోడు పెట్టడు. మిగతా పనంతా చేస్తాడు. వైర్లు లాగుతాడు, గోడకు రంధ్రాలు వేస్తాడు, తలుపు నెత్తిన అయస్కాంతం బిగిస్తాడు, కరెంటు పోయినా తాళం పనిచేసేలా బ్యాటరీ అమరుస్తాడు. అంతా అయ్యాక నంబర్లు నొక్కే మీటల పెట్టె కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని కళ్లు మూసుకుంటాడు.

"ఇంగ సెప్పండప్పా. రాత్రి ఏం కలొచ్చినాది?"

ఒక పళ్ల డాక్టరు తన క్లినిక్‌కు తాళం పెట్టించుకున్నాడు. కలలో బర్రెలు వరసగా వచ్చి కుర్చీలో కూర్చుని నోళ్లు తెరిచాయని చెప్పాడు. "ఎన్ని బర్రెలు సార్?" అని అడిగాడు సామ్సన్. లెక్క పెట్టలేదన్నాడు డాక్టరు. సామ్సన్ డ్రిల్లింగ్ మిషన్ సంచిలో సర్దుకున్నాడు. "రేపొస్తా. ఈ రాత్రికి లెక్క పెట్టి పెట్టుకోండి." డాక్టరు మర్నాడు బుద్ధిగా లెక్క చెప్పాడు. ఎన్నో మాత్రం ఈనాటికీ ఎవరికీ తెలియదు. తెలిస్తే తలుపు తెరుచుకుంటుంది.

విత్తనాల వ్యాపారి బసప్ప దగ్గర ఇంకో గొడవ. కలలో వేంకటేశ్వరస్వామి శంఖచక్రాలతో ప్రత్యక్షమై తలమీద చెయ్యి పెట్టాడని చెప్పాడాయన. సామ్సన్ కళ్లు తెరవకుండానే తల అడ్డంగా ఊపాడు.

"ఇది కల కాదు బసప్పన్నా. క్యాలెండరు."

"దేవుని కాడ అబద్ధమాడతానా నేను?"

"దేవుని కాడ ఆడవు. నా కాడ ఆడతాండావు. కలలో ఏదో ఒకటి తేడాగా ఉంటాది. నీదాంట్లో అన్నీ కుదురుగా ఉండాయి."

బసప్ప అటూ ఇటూ చూసి, గుమాస్తాను టీకి పంపించి, అప్పుడు నిజం చెప్పాడు. ఎదురుగా సముద్రమంత బొరుగుల ఉగ్గాని. అందులో తాను మిరపకాయ బజ్జీని పడవ చేసుకుని ఒంటరిగా పోతున్నాడు. డాక్టరు ఆయన్ను నూనె మానమని చెప్పి ఏడాది అయింది. సామ్సన్ మాత్రం నవ్వలేదు. "పడవ యాపక్కకు పోయినాది? కుడికా, ఎడమకా? మలుపు తిరిగినాదా?" అని ఒక్కొక్కటే అడిగి, తలూపుతూ మీటలు నొక్కాడు.

ఈ సంగతులన్నీ ఎమ్మిగనూరులో కుట్టు హాలు నడిపే మల్లేశ్వరికి ముందే తెలుసు. తెలిసీ సామ్సన్‌నే పిలవాల్సి వచ్చింది. మిగతావాళ్లు పెట్టిన తాళాలు తొలకరి వానకే మూగబోతున్నాయి, సామ్సన్ పెట్టినవి ఏళ్ల తరబడి పలుకుతున్నాయి.

ఆమె హాల్లో పదకొండు మంది ఆడవాళ్లు టవళ్లకు, దుప్పట్లకు అంచులు కుట్టి మడత పెడతారు. బెంగుళూరు కంపెనీ ఒకటి పెద్ద ఆర్డరు ఇస్తానంది కానీ ఒక షరతు పెట్టింది. సరుకు గది తలుపుకు నంబర్ల తాళం ఉండాలి, ఎవరి నంబరు వాళ్లకుండాలి, ఎవరు ఎప్పుడు లోపలికి పోయారో అందులో నమోదు కావాలి. చూసి పోవడానికి కంపెనీ మనిషి మర్నాడు పొద్దున వస్తున్నాడు.

సామ్సన్ పని మొదలుపెట్టిన రోజు పొద్దున్నే హుసేనమ్మ వచ్చి గడప దగ్గర నిలబడింది. గుడ్డ మీద అరచెయ్యి అలా పోనిచ్చి, ఎక్కడ పోగు తెగిందో చూడకుండానే చెప్పే మనిషి ఆమె. ఆమె చెయ్యి తగలని సరుకు ఆ హాలు దాటదు.

"రేపటి నుంచి రాను తల్లీ. మోకాళ్లు శానా నొప్పి."

"నిన్నటి దాకా బాగుండావు గదా అత్తా?"

"నొప్పి సెప్పి వస్తాదా ఏంది?" అని హుసేనమ్మ చూపు తిప్పుకుంది. తిప్పుకున్న చూపు గోడ మీద సామ్సన్ గీసిన పెన్సిలు గుర్తు మీద పడి, వెంటనే నేల మీదికి దిగింది. మల్లేశ్వరికి అది కనబడలేదు. రేపటి సరుకును ఎవరు తడిమి చూస్తారన్న దిగులే ఆమె కళ్లకు అడ్డం పడింది.

మధ్యాహ్నానికి బిగింపు పని అయిపోయింది. సామ్సన్ చాప మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఒక్కొక్కరే వచ్చి ఎదురుగా కూర్చోవడం మొదలైంది.

ఎండ వీధిని కదలకుండా పట్టుకుంది. పక్క సందులో మగ్గం చప్పుడు దూరంగా, ఎవరో నిద్రలో నడుస్తున్నట్టు వినిపిస్తోంది. కిటికీలోంచి పడే వెలుగులో నూలు పొట్టు పైకీ లేవక, కిందికీ దిగక తేలుతోంది. గౌరి కలలో ఆమె పెంచిన మేక బస్సెక్కి ఆమెకు సీటు పట్టింది. హెప్సిబా కలలో చర్చి గంట మోగుతుంటే అందులోంచి జొన్నలు రాలాయి. ఈశ్వరి గాలిపటమై ఊరి మీద ఎగురుతూ, మిద్దె మీద ఎండబెట్టిన మిరపకాయల్ని కాకులు ముట్టకుండా కాపలా కాసింది. కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వింటున్నవాళ్లకు కూడా కళ్లు బరువెక్కాయి. తిట్టాలని వచ్చిన మల్లేశ్వరి తానెందుకు వచ్చిందో మరిచిపోయి, తలుపుకు ఆనుకుని నిలబడిపోయింది.

తేరుకున్నాక అడిగింది. "సామ్సనన్నా, రేపు కంపెనీ మనిషి వస్తాండాడు. ఒకటి రెండు మూడు నాలుగని పెట్టేసి పో అన్నా."

"అది దొంగలకు కూడా వస్తాది మ్మా."

"నువ్విట్ల కలలింటా కూర్చుంటే వాళ్లకంటే ముందు రేపొస్తాది."

"కల సెప్పనోళ్లు ఇంగొక్కరే ఉండారు," అని సామ్సన్ హుసేనమ్మ వైపు తిరిగాడు.

"నేను మానుకుంటాండా. నాకెందుకప్పా నంబరు? అయినా నాకు కలలు రావు."

"ఒక్కటి కూడా?"

"పడుకుంటే రాయి మాదిరి పడుకుంటా."

"సరే. వచ్చేదాకా ఉంటా," అని సామ్సన్ గోడకు ఆనుకుని కాళ్లు చాపాడు. అరగంట గడిచింది. గురక వినిపించింది. హుసేనమ్మ ఓరగా చూసింది. గురక ఆగింది. "వచ్చినాదా?" అన్నాడు. లేదందామె. గురక మళ్లీ మొదలైంది. మూడోసారికి ఆమెకు నవ్వాగలేదు. ఆ నవ్వు వెనకే మాట కూడా వచ్చేసింది.

"బావి కల వస్తాంటాదప్పా. సిన్నప్పటి నుంచీ. నేను బొక్కెన ఇడుస్తాంటా. దిగతానే ఉంటాది. తాడు అయిపోదు. నాకు బయం ఉండదు. లోపల సల్లగా, సీకటిగా బాగుంటాది. ఆఖర్న నీళ్లు కనపడతాయి, గుండ్రంగా."

"యాడ నుంచి ఇడుస్తావు?"

"నట్టనడిమి నుంచి."

"నేరుగా దిగతాదా?"

"బొక్కెన నేరుగా దిగక అడ్డంగా పోతాదా?"

హాలంతా నవ్వింది. సామ్సన్ లేచి, కోడు పెట్టేటప్పుడు ఇంకొకరు చూడకూడదని అందర్నీ బయటికి తరిమాడు, మల్లేశ్వరితో సహా. లోపల ఆయన, హుసేనమ్మ మాత్రమే ఉన్నారు. తలుపు అవతల ఏదో గుసగుస, మీటల కూత. కాసేపటికి టక్కున తాళం వదిలిన చప్పుడు. మళ్లీ ఒకసారి. మళ్లీ ఒకసారి. పది పన్నెండు సార్లు విన్నాక మల్లేశ్వరి లెక్క మరిచిపోయింది.

బయటికి వచ్చిన హుసేనమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని నేరుగా దుప్పట్ల కట్ట దగ్గరికి నడిచింది.

"మోకాళ్లు ఎట్లుండాయి అత్తా?"

"ఏం మోకాళ్లు?" అంది హుసేనమ్మ.

మర్నాడు కంపెనీ మనిషి వచ్చాడు. పదకొండు మంది వరసగా ఎవరి కోడు వాళ్లు నొక్కి తలుపు తీశారు. హుసేనమ్మ అందరికంటే ముందు తీసింది. ఆర్డరు వచ్చింది.

నెల తర్వాత ఆ కంపెనీ నుంచే కబురు వచ్చింది. కోడులన్నీ ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి సీలు వేసి పంపాలట. మల్లేశ్వరి బస్సెక్కి ఆదోనిలో సామ్సన్ కొట్టుకు వెళ్లింది. ఆయన నోటుపుస్తకం తీసి ఆమె ముందు పెట్టాడు. ఏడు పేర్లకు ఎదురుగా నంబర్లు ఉన్నాయి. నాలుగు పేర్లకు ఎదురుగా నంబర్లు లేవు, బొమ్మలున్నాయి. ఈశ్వరి పేరు దగ్గర గాలిపటం ఆకారం. హుసేనమ్మ పేరు దగ్గర పైనుంచి కిందికి నిలువుగా ఒక గీత, గీత చివర ఒక సున్నా.

మల్లేశ్వరి గోడకు తగిలించి ఉన్న మీటల పెట్టె వైపు చూసింది. మధ్య వరస. రెండు, దాని కింద ఐదు, దాని కింద ఎనిమిది. అన్నిటికంటే కింద సున్నా. గుండ్రంగా, నీళ్లలాగా.

తొమ్మిదేళ్లుగా ఏ కాగితం చేతికిచ్చినా "కళ్లజోడు ఇంట్లో మరిసొచ్చినా, నువ్వే సదువు తల్లీ" అనే హుసేనమ్మ గుర్తొచ్చింది. ఆమెకు కళ్లజోడే లేదన్న సంగతి అప్పుడు తట్టింది.

"ఈ నలుగురికీ అంకెలు రావా అన్నా?"

సామ్సన్ వైరు ముక్క తోలు ఒలుస్తూ కూర్చున్నాడు.

"మొదట్లో ఒక మిల్లు ఆఫీసుకు పెట్టినా మ్మా. ఎస్తేరమ్మని ఆడ ఊడ్చే ఆమె ఉండె. నంబరు సెప్పినా, సరే అనె. రెండు దినాలు తలుపు బయటే నిలబడె, ఎవురైనా వస్తే వాళ్లెనక పోదామని. మూడోనాడు రాలేదు. పని మానేసినాదంట. నాకు అర్థమయ్యేసరికి ఊరే ఇడిసిపోయినాది." ఒలిచిన ముక్కను పక్కన పెట్టాడు. "అంకెలొస్తాయా అంటే ఎవురూ రావని సెప్పరు మ్మా. కల సెప్పమంటే నిదానంగా అయినా సెప్తారు. అది ఎవుర్దైనా వాళ్లదే గదా."

"మరి డాక్టరును, బసప్పను ఎందుకు అడుగుతావు? వాళ్లకు అంకెలు వచ్చు గదా."

"రానోళ్లనే అడిగితే, వాళ్లకు రాదని అందరికీ తెలిసిపోదా? అందుకే కలెక్టరు పిలిచినా అడుగుతా." సామ్సన్ ఇంకో వైరు ముక్క అందుకున్నాడు. "పదేండ్లాయె. ఇప్పుడు అలవాటైపోయినాది. కల ఇనకపోతే ఆ దినం నాకే నిద్ర పట్టదు."

బొమ్మలున్న నలుగురితో సహా అందరి నంబర్లూ తానే ఒక కాగితం మీద రాసి ఇచ్చాడు. ఈ సంగతి ఆమెకు తెలిసినట్టు ఆ నలుగురికీ మాత్రం తెలియనివ్వొద్దని చెప్పాడు. మల్లేశ్వరి కాగితం మడిచి కవరులో పెట్టుకుంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, పత్తి చేల మీదుగా వచ్చే గాలికి కునుకు పట్టింది. ఎమ్మిగనూరు వచ్చినా దిగకపోతే, కండక్టరు వచ్చి లేపాడు.

ఆ వారమే హాలుకు లెక్కలు రాయడానికి సంతోషి అనే అమ్మాయి కొత్తగా వచ్చింది. బీకాం ఫస్టు క్లాసు. సామ్సన్‌కు కల చెప్పే తీరిక లేదని, తాళంతో వచ్చిన పుస్తకం చూసి తన కోడు తానే పెట్టుకుని ఫోనులో రాసుకుంది. మూడో రోజు ఫోను ఇంట్లో మరిచిపోయి వచ్చింది. సరుకు గది ముందు నిలబడి ఒకటి నొక్కింది, ఇంకొకటి నొక్కింది. పెట్టె ఎర్రగా మెరిసి కుయ్యిమంది. లోపల బిల్లు పుస్తకం, బయట ఎండలో లారీ.

వెనక నుంచి హుసేనమ్మ వచ్చింది. ఆ పిల్లను పక్కకు జరగమని, నాలుగు మీటల చప్పుడుతో తలుపు తీసింది. సంతోషి సిగ్గుతో తల దించుకుంది. మల్లేశ్వరి నోరు తెరవబోయి, నవ్వు బయటపడకుండా కొంగుతో మూతి మూసుకుని గోడ వైపు తిరిగింది.

హుసేనమ్మ ఆ అమ్మాయి వీపు మీద చెయ్యి వేసి, ఎవరికీ వినబడకుండా ఓదార్చింది.

"బాదపడొద్దు పాపా. కొందరికి అంకెలు రొంత నిదానంగా వస్తాయి."